సునీల్ జానా ముచ్చట

గా మొద్దు జర మంటలకు నూకు బిడ్డా. నా స్టూడియో ముచ్చట్లు మస్తు విన్నరు గని, ఇయ్యాల ఫోటోలు తీసే సునీల్ జానా గురించి చెప్త.

మన దిక్కోడు గాదు. 1918ల అస్సాంల పుట్టిండు, కలకత్తాల పెరిగిండు. ఇంగ్లీషు చదువుకుంట సరదాకు ఫోటోలు తీస్తుండె. గంతల 1943ల బెంగాల్ కరువు వచ్చింది. వానలు లేక వచ్చిన కరువా అంటే, గాదు. రెండో ప్రపంచ యుద్ధంల బర్మా బియ్యం బందైనయి. జపానోడు వస్తడని తెల్లదొరలు ఊర్లల్ల పడవలు గుంజుకున్నరు. షావుకార్లు ధాన్యం దాసిరి, ధర మండింది. 30 లక్షల దాక జనం పోయిన్రని లెక్కలు చెప్తయి.

కమ్యూనిస్టు పార్టీ పెద్ద పి.సి. జోషి ఈ పోరని ఫోటోలు జూసి, చదువు పక్కకువెట్టి కరువు ఊర్లకు నా ఎంబడి రమ్మన్నడు. పోయిండు. బొమ్మలేసే చిత్తప్రసాద్ గూడ జతైండు. చిత్తప్రసాద్ కరువు మీద అచ్చేయించిన పుస్తకాన్ని సర్కారు పట్టుకొని తగలవెట్టింది. జానా ఫోటోలు పార్టీ పేపర్ల పడ్డయి. వాటిని పోస్టుకార్డులు జేసి అమ్మి, ఆకలిగొన్నోళ్ల కోసం పైసలు జమ చేసిన్రు.

అయితే సచ్చిపోయేటోని ముంగట కెమెరా పట్టుకొని నిలబడుడు అల్కటి పని గాదు రా. నేను పెండ్లిళ్లు తీసినోన్ని. అప్పగింతలప్పుడు ఏడ్చే తల్లి మొకం మీద ఫ్లాష్ కొట్టాలంటెనే చెయ్యి ఆడకపోయేది. ఆ బాధ తనకూ ఉన్నదని జానానే తర్వాత చెప్పుకున్నడు. తీయకుంటే ఎవలు నమ్ముదురు, ఎవలు సాయం పంపుదురు? తీసిండు.

మన తెలంగాణకు గూడ వచ్చిండు. నిజాం మీద, దొరల మీద రైతులు చేసిన సాయుధ పోరాటం నాటి దళాల ఫోటోలు మస్తుగ ఆయన తీసినయే. కెమెరాను కిందికి వెట్టి, ఎన్క ఆకాశం కనవడేటట్టు తీసేటోడు. దొర గడి ముంగట నడుం వంచి ‘బాంచెన్’ అన్న మనిషి, ఆ ఫోటోల నిటారుగ, ఇంత పొడుగ్గ నిలబడ్డడు. నాకైతే కరువు ఫోటోల కన్న గివే గొప్పయి.

1948ల జోషి పదవి పోయింది, జానాకూ పార్టీకీ చెడింది. తర్వాత అడవి జాతులోళ్ల నడుమ మస్తు తిరిగిండు. ఆ ఫోటోల పుస్తకం 1993ల వచ్చింది. చిన్నప్పటి సంది కండ్ల చూపు తక్కువ ఉన్న మనిషి, ఇన్ని జూసిండు! 2012ల పద్మభూషణ్ ఇచ్చిన్రు, ఆ ఏడే అమెరికాల పోయిండు, 94 ఏండ్లకు.

పేరు వెయ్యకుంట తన ఫోటోలు వాడుకుంటరని ఆయనకు మస్తు కోపముండె. కోపం రాదా మరి? మీ బడి గోడకు దళపోళ్ల ఫోటో ఉన్నదన్నవు గదా, ఎవలు తీసిన్రో సారును అడుగు. జానాదే అయితే పేరు రాయమను, పెద్దక్షరాలల్ల.