మధ్యవాని వాటా: పందేల విపణిలో కమీషన్ చరిత్ర

జూదమాడేవారిని గురించి చరిత్రకారులు ఎంతో వ్రాశారు. జూదమాడించేవానిని గురించి వ్రాసింది తక్కువ. ఒకడు గెలిచి మరొకడు ఓడినప్పుడు, ఆ గెలుపు ఓటములతో నిమిత్తం లేకుండా తన పాలు తాను తీసుకొనే మూడవ వ్యక్తి ప్రాచీన కాలం నుండి కనిపిస్తాడు.

ఇస్లాంకు పూర్వం మక్కాలో హుబల్ విగ్రహం వద్ద ఏడు బాణాలుండేవి. సందేహం తీర్చుకోదలచినవారు నూరు దిర్హములు, ఒక ఒంటెను బాణాల సంరక్షకునికి సమర్పించిన పిమ్మటనే బాణం తీయించుకొనేవారని ఇబ్నె ఇస్‌హాఖ్ సీరత్‌లో తెలిపారు. ఏ బాణం వచ్చినా ఆ నూరు దిర్హములు తిరిగి వచ్చేవి కావు. మైసిర్ పద్ధతి దీనికి భిన్నం. అందులో ఒంటెను కోసి వాటాలు వేసి పది బాణాలతో పంచేవారు. ఏడు బాణాలకు వాటాలుండేవి, మూడు శూన్యం. వాటా రానివారు ఒంటె ధర భరించేవారు. గెలిచినవారు మాంసాన్ని తాము ముట్టక పేదలకు పంచి, అది తమ ఘనతగా చెప్పుకొనేవారు. అల్ బఖరా 219వ ఆయత్ జూదంలో కొంత ప్రయోజనముందని అంగీకరిస్తూనే దాని పాపం అంతకన్నా పెద్దదని ప్రకటించింది. ఆ ప్రయోజనాన్ని వివరిస్తూ ముఫస్సిర్లు ఈ మాంసం పంపకాన్ని పేర్కొన్నారు.

భారతదేశంలో ఈ మూడవ వ్యక్తి స్థానంలో రాజ్యమే కూర్చున్నది. ద్యూతాధ్యక్షుడు గెలిచిన ద్రవ్యంలో నూటికి ఐదు తీసుకోవాలని, పాచికలకు, నీటికి, స్థలానికి రుసుము వేరుగా వసూలు చేయాలని కౌటిల్యుని అర్థశాస్త్రం విధించింది. ఓడినవానిని వదలి గెలిచినవాని వద్దనే తీసుకోవడం గమనించదగినది. ఆ క్షణాన డబ్బు ఉన్నది అతని చేతిలోనే గదా!

కమీషన్ అన్నంత మాత్రాన అది దోషం కాదు. దళారీ తీసుకొనే ప్రతిఫలంపై ఇమామ్ బుఖారీ తన సహీహ్‌లో ఒక అధ్యాయమే ఉంచారు. ఇబ్నె సీరీన్, అతా, హసన్ వంటి తాబయీన్లు దానిలో తప్పు లేదన్నారని అక్కడ పేర్కొన్నారు. అయితే దళారీ మధ్య నిలిచిన బేరంలో ఒకరికి సరుకు, మరొకరికి ధర దక్కుతుంది. ఇద్దరూ ఏదో ఒకటి పొంది ఇంటికి పోతారు. పందెంలో సరుకు లేదు. ఒకని లాభం అక్షరాలా మరొకని నష్టమే. మధ్యవాని వాటా పోగా గెలిచినవానికి అంతకన్నా తక్కువే మిగులుతుంది.

ఆధునిక కాలంలో ఈ వాటాకు లెక్కల రూపం కల్పించినవాడు పారిస్‌కు చెందిన జోసెఫ్ ఒల్లర్. పందేల సొమ్మంతా ఒక రాశిగా పోసి, నిర్ణీత శాతం ముందే మినహాయించి, మిగిలినది గెలిచినవారికి పంచే పద్ధతిని ఆయన 1860లలో ప్రవేశపెట్టాడు. గుర్రప్పందేల మైదానాల్లో టోట్ అని పిలిచేది దీనినే. ఫ్రాన్సు 1891లో చట్టం ద్వారా దీనిని ఆమోదించింది.

బ్రిటిషువారు భారతదేశంలో చేసిన 1867 నాటి జూద నిషేధ చట్టం జూదశాలను నిర్వచించినప్పుడు మధ్యవాని లాభమే గీటురాయి అయింది. యజమాని లాభం కొరకు జూదపు సాధనాలుంచిన స్థలమే జూదశాల. హైదరాబాద్ రాజ్యపు జూద చట్టం క్రింద సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బుపై నడిచిన కేసు సుప్రీంకోర్టుకు చేరింది. 1967 నవంబరులో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు వ్రాస్తూ, రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆట అన్నారు. ఆ మాట ఆ తర్వాత ఎన్నో వ్యాజ్యాలలో ఉదాహరించబడింది. అదే తీర్పులోని రెండవ మాట అంతగా ప్రచారం పొందలేదు. పందెం కాసి ఆడే రమ్మీలోనైనా స్థలం యజమాని లాభం గడిస్తున్నట్లయితే నేరం రుజువు కావచ్చునని అందులో ఉన్నది.

2000 జూన్‌లో లండన్‌లో ఆండ్రూ బ్లాక్, ఎడ్వర్డ్ రే ప్రారంభించిన బెట్‌ఫెయిర్ ఈ మధ్యవానికి కొత్త వేషం తొడిగింది. ఇంగ్లండులో బుకీ తన లాభాన్ని ధరలోనే కలిపి చెప్పేవాడు. తరచు గెలిచేవాని పందేలను పరిమితం చేసేవాడు. బెట్‌ఫెయిర్ షేర్ల బజారు మాదిరి ఒక విపణిని తెరిచింది. ఒకడు గెలుస్తుందని కాస్తే మరొకడు గెలవదని కాస్తాడు. సంస్థ ఎవరి పక్షాన నిలవదు. ఒక్కొక్క పోటీలో నికర లాభంపై నూటికి ఐదు మాత్రం తీసుకొనేది. అర్థశాస్త్రపు రేటే! ఎక్కువగా ఆడేవారికి రాయితీలతో అది నూటికి రెండు వరకు తగ్గేది. గెలిచేవారికి ఇక్కడ అడ్డు లేదన్నదే దాని ఆకర్షణ.

ఐదు శాతం స్వల్పంగానే తోస్తుంది. లెక్క వేస్తే సంగతి వేరు. సమాన ధరపై నూరు రూపాయల చొప్పున నూరు పందేలు కాసినవాడు 51 గెలిచాడనుకుందాం. స్థూల లాభం 200. గెలిచిన 5,100 మీద కమీషన్ 255. అంటే ఓటములకన్నా గెలుపులే ఎక్కువైనా అతడు 55 రూపాయలు నష్టపోయాడు. 52 గెలిస్తే స్థూల లాభం 400, కమీషన్ 260, మిగిలేది 140. లాభంలో నూటికి అరవై ఐదు పోయింది.

ట్రేడర్ల సంగతి దీనికి విరుద్ధం. వీరు ఒకే పోటీలో రెండు వైపులా కాసి, ధర మారినప్పుడు స్వల్ప తేడాను లాభంగా ఉంచుకొంటారు. నూరు పోటీలలో పోటీకి నాలుగు రూపాయల చొప్పున అదే 400 సంపాదించినవాడు కట్టే కమీషన్ 20 మాత్రమే. కమీషన్ నికర లాభంపైనే గనుక, ఓటములు దాదాపు లేని వానికి అది దాదాపు తగలదు.

సంస్థకు ఈ ట్రేడరే కంటిలో నలుసయ్యాడు. విపణిలోకి వచ్చే డబ్బంతా చివరకు ఓడేవారి జేబుల నుండి వచ్చేదే. అది పందెం నుండి పందానికి తిరిగినన్నాళ్ళు ప్రతి మలుపులోనూ సంస్థకు కొంత రాలుతుంది. గెలిచినవాడు దానిని ఇంటికి పట్టుకుపోతే ఆ ధార ఆగిపోతుంది. తటస్థుడనని చెప్పుకొన్న మధ్యవాడు ఆ విధంగా గెలిచినవానికి పోటీదారు అయ్యాడు.

2008 సెప్టెంబరులో ప్రీమియం ఛార్జి వచ్చింది. కట్టిన కమీషన్లు స్థూల లాభంలో 20 శాతానికి తగ్గిన ఖాతాదారు, కొన్ని షరతులకు లోబడి, ఆ తేడాను కూడా చెల్లించాలి. పై ట్రేడర్ కట్టవలసినది 20 నుండి 80కి పెరిగింది. 260 కట్టిన పందెగానిపై మాత్రం దీని ప్రభావం లేదు. అతని వద్ద అంతకన్నా ఎక్కువే అంతకు ముందే తీసుకొన్నారు. 2011 జూలైలో, మొత్తం లాభం రెండున్నర లక్షల పౌండ్లు దాటినవారికి ఈ రేటు 40 నుండి 60 శాతానికి చేరింది. ఏళ్ళ తరబడి సొంత యంత్రాలపై, సమాచారంపై ఖర్చు పెట్టి, రాత్రింబగళ్ళు ధరలను కనిపెట్టుకొని ఉన్నవారు తమ సంపాదనలో నూటికి నలభై నుండి అరవై వరకు ఆటలో పాల్గొనని వానికి ఇవ్వవలసి వచ్చింది. ఆటకు ముందు ఒప్పుకున్న నియమం ఆట మధ్యలో మారిందన్నది వారి ఆక్షేపణ. ఓడిపోయినవారికి అందులో ఒక్క పెన్నీ తిరిగి రాలేదు. మైసిర్ ఒంటె మాంసమైనా పేదల గుడారాలకు చేరేది.

2025 జనవరిలో ప్రీమియం ఛార్జిని తొలగించి దాని స్థానంలో ఎక్స్‌పర్ట్ ఫీ, అనగా నిపుణుల రుసుము, విధించారు. గడచిన 52 వారాల లాభం 25,000 పౌండ్లు దాటినప్పుడు 20 శాతం, లక్ష దాటినప్పుడు 40 శాతం.