మెదక్ చర్చి, ఆలయం అనే మాట

తెలుగు బైబిలులో ‘ఆలయం’ వేరు, ‘సంఘం’ వేరు. ఆలయం అంటే కట్టడం. సంఘం అంటే కూడివచ్చిన మనుషులు. వాడుకలో మాత్రం రెండిటినీ చర్చి అనేస్తాం. ఈ రెండిటిలో పవిత్రమైనది ఏది అన్న ప్రశ్న క్రైస్తవంలో మొదటి నుంచీ ఉంది. ఇంజనీరును కాబట్టి కట్టడాల వైపు నుంచి దాన్ని చూస్తాను.

యెరూషలేములో సొలొమోను కట్టించిన ఆలయాన్ని క్రీ.పూ. 586లో బబులోను సైన్యం నేలమట్టం చేసింది. తరువాత కట్టిన రెండో ఆలయాన్ని హేరోదు రాజు విస్తరింపజేశాడు. ఆ ఆలయం ప్లానులోనే హద్దులున్నాయి. అన్యజనులు బయటి ఆవరణ దాటకూడదు. తరువాతి ఆవరణ వరకు స్త్రీలు, ఆపైన యూదు పురుషులు, ఇంకా లోపలికి యాజకులు వెళ్లవచ్చు. చిట్టచివరి అతిపరిశుద్ధ స్థలంలోకి ప్రధాన యాజకుడు ఒక్కడే, అదీ ఏడాదికి ఒక్క రోజే. యేసు మరణించిన వేళ ఆలయపు తెర పైనుంచి కిందికి చినిగిపోయిందని సువార్తలు చెబుతాయి. విశ్వాసులే దేవుని ఆలయమని పౌలు కొరింథు సంఘానికి రాశాడు. క్రీ.శ. 70లో రోమన్లు ఆ ఆలయాన్ని కూల్చేశారు.

తొలి క్రైస్తవులు ఇళ్లలోనే కూడుకునేవారు. సిరియాలోని దూరా యూరోపోస్ తవ్వకాల్లో బయటపడిన మూడో శతాబ్దపు ప్రార్థనా స్థలం కూడా ఒక మామూలు ఇల్లే. గోడ పడగొట్టి రెండు గదులను ఒక హాలుగా కలిపారు, ఇంకో గదిలో బాప్తిస్మపు తొట్టి కట్టారు. 313 తరువాత రోమన్ చక్రవర్తుల ఆదరణ దొరికాక పెద్ద కట్టడాలు లేచాయి. అయితే వాటికి నమూనా రోమన్ల గుడి కాదు, బసిలికా. అంటే కోర్టులు, వ్యాపార వ్యవహారాలు నడిచే పెద్ద హాలు. రోమన్ల గుడి దేవుడి విగ్రహానికి ఇల్లు, జనం నిలబడేది బయట. ఇక్కడ జనమే లోపల ఉండాలి. అందుకే బసిలికా నచ్చింది.

ఆ హాలు వంశానికి చెందినదే మన మెదక్ చర్చి. వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ 1914లో మొదలుపెట్టిన పని పదేళ్లు సాగి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. పొడవు 200 అడుగులు, వెడల్పు 100, గంట గోపురం ఎత్తు 175. లోపల ఐదు వేల మంది పడతారు. అది కరువు కాలం. ఊరికే అన్నం పెట్టే బదులు పని చూపించి తిండి పెట్టాలని పాస్నెట్ ఈ నిర్మాణం తలపెట్టాడని చెబుతారు. ఆరాధన మొదలవకముందే ఆ ఆలయం చుట్టుపక్కల ఊళ్లకు కూడు పెట్టింది.

1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్పు అయిన వి.యస్. అజరయ్య దోర్నకల్‌లో ఇంకో దారి పట్టాడు. 1939లో ప్రతిష్ఠించిన అక్కడి కెథీడ్రల్‌లో మసీదు తరహా గుమ్మటాలు, హిందూ దేవాలయ మండపం లాంటి స్తంభాలు కలిసి కనిపిస్తాయి. దేవుని ఇల్లు ఈ నేల మనుషులకు పరాయి ఇల్లులా కనిపించకూడదన్నది ఆయన ఆలోచన.

పల్లె చర్చిల్లో ఈ కలయిక మరీ సహజంగా ఉంటుంది. చెప్పులు గుమ్మం బయటే విడుస్తారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క చాపల మీద కూర్చుంటారు. కోత పండుగకు వడ్లు, గుమ్మడికాయలు, కోళ్లు కానుకగా వస్తాయి. పెళ్లి ప్రమాణాలైనా, చివరి ప్రార్థనైనా ఆ గోడల మధ్యనే. కట్టడం పవిత్రం కాదని వాదించే వాళ్లు కూడా లోపలికి అడుగుపెట్టగానే గొంతు తగ్గిస్తారు.

ఈ సంఘాల్లో తొలి తరం వారు ఎక్కువగా ఊరి గుడిలోకి అడుగుపెట్టనివ్వని మాల, మాదిగ కుటుంబాల వారు. వాళ్లకు ఆ హాలు లోపల కూర్చోవడమే పెద్ద మార్పు. అయినా కులం గుమ్మం దగ్గర ఆగిపోలేదు. వేరు వరసలు, వేరు శ్మశానాలు చర్చిలోనూ కనబడ్డాయి. రాతి హద్దులు లేని హాలులో మనుషులు మళ్లీ హద్దులు గీసుకున్నారు. పౌలు మాట ఇప్పటికీ పూర్తికాని పని.

ఈ స్వర్ణోత్సవ వేళ మనమూ బడికి కొత్త గదులు, కొత్త గేటు అనుకుంటున్నాం. కట్టాల్సిందే. ప్లాను గీసే ముందు ఫీజు కట్టలేని పిల్లవాడికి ఆ గదుల్లో చోటు ఉందో లేదో చూసుకుందాం.