మరణించిన శిశువు మెదడును చదవడం

1946లో జాన్ కాఫీ అనే అమెరికన్ శిశు రేడియాలజీ నిపుణుడు ఆరుగురు పసివారి వివరాలను ప్రకటించారు. వారి మెదడు పొరల కింద రక్తం నిలిచి ఉంది. చేతుల, కాళ్ళ పొడవైన ఎముకలు విరిగి ఉన్నాయి. ఎలా విరిగాయో చెప్పినవారు లేరు. శిశుహింస జాడలను ఎక్స్‌రేలో వెతకడం వైద్యులు ప్రధానంగా ఆ వ్యాసంతోనే నేర్చుకున్నారు.

1971లో బ్రిటన్‌కు చెందిన మెదడు శస్త్రవైద్యుడు నార్మన్ గుత్కెల్చ్, తలకు బయట దెబ్బ కనిపించకున్నా బిడ్డను గట్టిగా కుదిపితే పొరల కింద రక్తస్రావం కావచ్చునని ప్రతిపాదించారు. అదే ఏడాది లండన్‌లో తొలిసారి ఒక రోగి మెదడుకు సి.టి. స్కాన్ తీశారు. ఊహకు యంత్రం తోడైంది. పొరల కింద రక్తం, రెటీనాలో రక్తస్రావం, మెదడు దెబ్బతినడం: ఈ మూడూ కనిపిస్తే బిడ్డను కుదిపారన్నట్లేనని క్రమంగా న్యాయస్థానాలలో సాక్ష్యం చెప్పసాగారు.

2005లో ఇంగ్లండు అప్పీలు న్యాయస్థానం నాలుగు కేసులను కలిపి విచారించి, ఆ మూడు లక్షణాలు బలమైన సూచనే కాని వాటంతట అవే నేరాన్ని రుజువు చేయవని తేల్చింది. ఇద్దరి శిక్ష రద్దయింది, ఒకరి నేరం తీవ్రత తగ్గింది, ఒకరి శిక్ష నిలిచింది. ఆ నాలుగవ తీర్పునూ మరువరాదు. గుత్కెల్చ్ సైతం తొంభై ఏళ్ళు దాటాక, 2012లో, కారణాన్ని ముందే అంటగట్టక కంటికి కనిపించే రక్తస్రావాన్ని మాత్రమే చెప్పే పేరు ఈ స్థితికి పెట్టాలని కోరారు.

ఇక మరణానంతర స్కాన్ సంగతి. కత్తి పెట్టకముందే శవానికి సి.టి., ఎం.ఆర్.ఐ. తీసే పద్ధతిని స్విట్జర్లాండ్‌లోని బెర్న్ వైద్యులు విర్టాప్సీ పేరిట అభివృద్ధి చేశారు. ఎముకల పగుళ్ళను పట్టడంలో అది గొప్ప సాధనం. మెదడు విషయంలో మాత్రం బతికున్నవారిని చూసి అలవాటుపడిన కన్ను మోసపోతుంది. గుండె ఆగగానే రక్తం కిందికి దిగుతుంది. వెల్లకిలా పడుకోబెట్టిన శిశువు తల వెనుక సిరలలో పేరుకొని స్కాన్‌లో తెల్లగా కనబడుతుంది. దానిని రక్తస్రావమనో, సిరలో గడ్డ అనో పొరబడే ప్రమాదముంది. గంటలు గడిచేకొద్దీ మెదడులోని బూడిదరంగు, తెల్లని పదార్థాల తేడా చెరిగిపోతుంది. జీవించి ఉన్నవారిలో అది ప్రాణవాయువు అందలేదనడానికి గుర్తు. శవంలో మరణానంతర సహజ పరిణామమే కావచ్చు. పైగా ఆరోగ్యంగా పుట్టిన పసికందులలోనూ కొందరికి ప్రసవపు ఒత్తిడి వల్ల పొరల కింద పలుచగా రక్తం చేరి, చాలావరకు కొద్ది వారాలలో తానే కరిగిపోతుంది.

కనుక ఆ చిత్రాన్ని చూసే వైద్యుడు ముందుగా అడగవలసినవి రెండు: మరణించి ఎన్ని గంటలైంది, దేహాన్ని ఏ భంగిమలో ఉంచారు. ఆ తరువాత శవపరీక్ష చేసిన వైద్యునితో కలిసి కూర్చొని, తెల్లగా కనిపించిన చోట నిజంగా ఏముందో చూడాలి.