స్ప్రింగ్-8 నిల్వ వలయం

స్ప్రింగ్-8 జపాన్‌లోని హ్యోగో రాష్ట్రంలో ఉన్న ఎలక్ట్రాన్ నిల్వ వలయం. చుట్టుకొలత 1,436 మీటర్లు. అందులో తిరిగే ఎలక్ట్రాన్ల శక్తి 8 గిగా ఎలక్ట్రాన్ వోల్టులు. దాదాపు కాంతివేగంతో పోయే ఈ ఎలక్ట్రాన్లను అయస్కాంతాలు వంచినప్పుడు వాటి నుంచి తీవ్రమైన ఎక్స్ కిరణాలు వెలువడతాయి. 1997లో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చిన ఈ వలయాన్ని ప్రధానంగా ఆ కాంతి కోసమే కట్టారు. ప్రొటీన్ స్ఫటికాలు మొదలుకొని, ఇతోకావా గ్రహశకలం నుంచి హయబుసా నౌక తెచ్చిన రేణువుల దాకా ఎన్నిటినో ఇక్కడ పరీక్షించారు. అదే ఎలక్ట్రాన్ పుంజంతో కేంద్రక భౌతికశాస్త్ర ప్రయోగాలూ జరిగాయి. వాటికి వేరే యంత్రం కట్టనక్కర లేకపోయింది: లెప్స్ అనే ప్రయోగశాలలో 351 నానోమీటర్ల అతినీలలోహిత లేజర్‌ను ఎలక్ట్రాన్లకు ఎదురుగా పంపితే, మూడున్నర ఎలక్ట్రాన్ వోల్టుల ఫోటాన్ గరిష్ఠంగా 2.4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణమై వెనుదిరుగుతుంది. పుంజం సన్నగా, నిలకడగా ఉండాలన్నది కాంతి వాడేవారి కోరిక. లేజర్ గురి తప్పకుండా ఉండాలన్నా కావలసింది అదే. అందుకే ఈ పొత్తు కుదిరింది.

గామా కిరణానికి శక్తినిచ్చిన ఎలక్ట్రాన్ సాధారణంగా వలయం నుంచి తప్పిపోతుంది కాబట్టి, ఇది కాంతి వాడేవారి వాటాకు గండి కొట్టడమేనన్న అభ్యంతరం ఉంది. లెక్క వేస్తే దాని బలం తగ్గుతుంది. 100 మిల్లీ ఆంపియర్ల విద్యుత్ ప్రవాహం ఉన్నప్పుడు వలయంలో సుమారు మూడు లక్షల కోట్ల ఎలక్ట్రాన్లు ఉంటాయి. లేజర్ వల్ల పోయేవి సెకనుకు పది లక్షల స్థాయిలోనే అనుకుంటే, కేవలం ఆ కారణంగా వలయం ఖాళీ కావడానికి నెలకు పైగా పడుతుంది. పైగా 2004 నుంచి పోయిన ఎలక్ట్రాన్లను ఎప్పటికప్పుడు నింపుతున్నారు.

ఫలితాల మాటేమిటన్నది రెండో అభ్యంతరం. అయిదు క్వార్కుల కణం జాడ కనిపించిందని లెప్స్ బృందం 2003లో ప్రకటించింది. అమెరికాలోని జెఫర్సన్ ప్రయోగశాల మరింత విస్తారమైన దత్తాంశంతో వెతికినా అది దొరకలేదు. అయితే తేలిపోయినది కొద్దిపాటి ఘటనల మీద కట్టిన ఆ నిర్ధారణే. దాన్ని బట్టి పుంజం పనికిరానిదని తేల్చలేం. లేజర్ ధ్రువణాన్ని చాలావరకు నిలుపుకునే ఈ గామా కిరణాలతోనే ఫై మీసాన్ అనే కణం ఉత్పత్తిని దాని ఆరంభ శక్తి సమీపంలో కొలిచారు.

అసలైన చిక్కు శక్తి దగ్గర వస్తుంది. మరింత సన్నని పుంజం కోసం వలయాన్ని 6 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు దించి పునర్నిర్మించే ప్రణాళిక ఉంది. అప్పుడు పాత లేజర్‌తో గామా కిరణాల గరిష్ఠ శక్తి సుమారు 1.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టులకు పడిపోతుంది. ప్రోటాన్ మీద ఫై మీసాన్ పుట్టడానికి అది చాలదు. తరంగదైర్ఘ్యం మరింత తక్కువ ఉన్న లేజర్‌తో ఆ హద్దు దాటవచ్చు గానీ, 8 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల వద్ద అందిన పరిధి తిరిగి రాదు. ఉమ్మడి వలయం రెండు శాస్త్రాలకూ లాభమే, కానీ అవసరాలు కలిసినంత మేరకే. అవి విడిపోయిన చోట వలయం ఎవరి కోసం కట్టారో వారి మాటే చెల్లుతుంది.