మా అన్నయ్యకు అందని యంత్రం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు, ఉద్యోగ జ్ఞాపకాలకన్నా వారానికి మూడుసార్లు నన్ను బతికిస్తున్న ఒక యంత్రం చరిత్ర రాయడమే సబబనిపించింది. మూడేళ్ళుగా నేను డయాలసిస్ మీద ఉన్న సంగతి మిత్రులకు తెలిసిందే.

1966లో మా పెద్దన్నయ్యకు రెండు మూత్రపిండాలూ చెడిపోయాయి. అప్పటికి ఆయనకు 28 ఏళ్ళు. ముఖం, కాళ్ళు నీరు పట్టాయి. చివరికి తెలివి తప్పింది. "ఇంటికి తీసుకుపొండమ్మా" అన్నారు డాక్టరుగారు. ఆయన తప్పేమీ లేదు, చేయగలిగిందీ లేదు. మా అమ్మ ఆసుపత్రి మెట్ల మీదే కూలబడిపోయింది.

ఇటువంటి ఘట్టమే 1938లో నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ ఆసుపత్రిలో జరిగింది. మూత్రపిండాలు పనిచేయక చనిపోతున్న 22 ఏళ్ళ రైతుబిడ్డ సంగతి అతని తల్లికి చెప్పవలసిన బాధ్యత విలెం కోల్ఫ్ అనే యువ వైద్యుడి మీద పడింది. రోజుకు 20 గ్రాముల యూరియాను రక్తం నుంచి తీసివేయగలిగితే ఈ కుర్రవాడు బతుకుతాడు కదా అని ఆయన ఆలోచించారు. అంతకుముందే 1913లో అమెరికాలో జాన్ ఏబెల్ జంతువుల మీద, 1924లో జర్మనీలో జార్జ్ హాస్ మనిషి మీద ఇటువంటి ప్రయత్నాలు చేసి ఉన్నారు.

కోల్ఫ్‌గారు యుద్ధకాలంలో, జర్మన్ ఆక్రమణలో ఉన్న కాంపెన్ అనే చిన్న ఊళ్ళో పని సాగించారు. మాంసం కూరి అమ్మే సెలొఫేన్ గొట్టాన్ని పీపా వంటి చట్రానికి చుట్టి, ఉప్పునీటి తొట్టిలో తిప్పారు. గొట్టంలో రక్తం ప్రవహిస్తుంటే, మలినాలు సన్నని పొరగుండా నీటిలోకి దిగుతాయి. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఉపయోగించారు. 1943లో వైద్యం మొదలుపెడితే, మొదటి పదిహేనుమందిలో దాదాపు అందరూ చనిపోయారు. అయినా ఆయన మానలేదు. 1945 సెప్టెంబరులో 67 ఏళ్ళ స్త్రీ ఒకామె స్పృహలోకి వచ్చి, ఇంకొన్నేళ్ళు జీవించింది. ఆమె జర్మన్లకు సహకరించిందన్న నేరంపై నిర్బంధంలో ఉన్న మనిషి. కోల్ఫ్‌గారేమో ఆక్రమణదారులను ఎదిరించినవారు. అయినా వైద్యానికి అది అడ్డు రాలేదు.

అప్పట్లో ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయవలసి రావడంతో ఎక్కువకాలం చికిత్స సాగేది కాదు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్‌గారు చేతి ధమనికీ సిరకూ టెఫ్లాన్ గొట్టం అమర్చి ఆ చిక్కు తీర్చారు. ఆయన మొదటి రోగి క్లైడ్ షీల్డ్స్ మరో 11 ఏళ్ళు బతికాడు. అయితే యంత్రాలు తక్కువ, రోగులు ఎక్కువ. ఎవరికి అవకాశం ఇవ్వాలో తేల్చడానికి అక్కడ పౌరుల సంఘం ఒకటి ఏర్పడింది. ఎవరి ప్రాణం విలువైనదో ఓటేసి నిర్ణయించవలసి రావడం ఎంత దారుణమో ఆలోచించండి! 1972లో అమెరికా ప్రభుత్వం ఖర్చు భరించే చట్టం చేసింది. కోల్ఫ్, స్క్రిబ్నర్‌లకు 2002లో లాస్కర్ బహుమతి లభించింది. కోల్ఫ్‌గారు 2009లో 97 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

నన్ను ఇప్పటికీ కలవరపెట్టే విషయం వేరే ఉంది. 1954 డిసెంబరు 23న బోస్టన్‌లో జోసెఫ్ మర్రేగారు రోనాల్డ్ హెరిక్ మూత్రపిండాన్ని అతని కవల సోదరుడు రిచర్డ్‌కు అమర్చారు. రిచర్డ్ ఎనిమిదేళ్ళు బతికాడు. మర్రేగారికి 1990లో నోబెల్ వచ్చింది. మేము కవలలం కాము. అయినా తమ్ముడు అన్నకు మూత్రపిండం ఇవ్వవచ్చన్న మాటే 1966లో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెలిసినా ఇక్కడ చేసేవారు లేరు. మన దేశంలో మొదటి విజయవంతమైన మార్పిడి వెల్లూరులో 1971లో జరిగింది. అయిదేళ్ళ తేడా!

ఇప్పుడు నా పక్క మంచం మీద ఒక ఆటో డ్రైవరు ఉంటాడు. అతని ఖర్చు ఆరోగ్యశ్రీ భరిస్తుంది. ఇద్దరికీ అదే యంత్రం. "బాబాయిగారూ, ఇవాళ బరువెంత పెరిగారు?" అని పలకరిస్తాడు. మాకు ఓటింగు లేదు.

మిత్రులకు ఒక్క మనవి. బీపీ, షుగరు ఉన్నవారు ఏడాదికొకసారైనా క్రియాటినిన్, మూత్రపరీక్ష చేయించుకోండి. నొప్పి మాత్రలు మీ అంతట మీరు మింగకండి. పోయాక అవయవాలు దానం చేస్తామని ఇంట్లో ముందే చెప్పి ఉంచండి. నేనూ నా కళ్ళ సంగతి మా పిల్లలకు చెప్పేశాను.