ఖాళీ టైములో చేసే పని: నరసాపురం లేసు చరిత్ర మనకు చెప్పేది



మన గౌలిపుర సంఘాల మీటింగుల్లో ఒక ముచ్చట మళ్ళీ మళ్ళీ వస్తుంటది. ఒకామె మగ్గం పని మంచిగ చేస్తది. ఇంకొకామె క్రోషా అల్లుతది. మరొకామె ముగ్గు వేస్తే గల్లీ అంతా నిలబడి చూస్తది. "ఇంత మంచిగ చేస్తవ్, అమ్ముకోరాదు?" అని పక్కామె అడుగుతది. "సరదాకు చేసుకునేదానికి పైసలేంది అక్కా?" అని ఈమె అంటది. ఇద్దరి మాటలోనూ నిజం ఉన్నది. ఈ ముచ్చట తేలాలంటే మన తెలుగు నేల మీద జరిగిన ఒక చరిత్ర చూడాలె.

పశ్చిమ గోదావరి జిల్లాలో, గోదావరి సముద్రంలో కలిసే చోటుకు దగ్గర్లో నరసాపురం ఉన్నది. 19వ శతాబ్దంలో అక్కడికి వచ్చిన క్రైస్తవ మిషనరీ కుటుంబాల స్త్రీలు పేదింటి ఆడవాళ్ళకు లేసు అల్లిక నేర్పించారు. వాళ్ళ దేశాల్లో ఎంతోమంది ఇల్లాళ్ళు తీరిక వేళ అల్లుకునే లేసు ఇక్కడ పూట గడిపే పని అయింది. తర్వాత అది వ్యాపారుల చేతికి వచ్చింది, సరుకు విదేశాలకు పోయింది. కూలికి బయటికి పోతే పరువు తక్కువ అనుకునే ఇండ్ల ఆడవాళ్ళు కూడా వేలమంది ఇందులోకి వచ్చారు. గడప దాటకుండా నాలుగు పైసలు వస్తయి కదా అనుకున్నరు.

1978-79లో మరియా మీస్ అనే జర్మనీ సమాజ శాస్త్రవేత్త ఆ ఊర్లలో ఉండి ఈ పనిని పరిశీలించింది. 1982లో పుస్తకం వేసింది. ఆమె చూసింది ఇది: ఇంటి పనంతా చేసుకుంటూనే ఆ ఆడవాళ్ళు రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నరు. వచ్చే పైసలు మాత్రం ఆడ వ్యవసాయ కూలీకి సర్కారు పెట్టిన కనీస కూలిలో మూడో వంతు కూడా లేవు. దారం ఏజెంటు తెచ్చి ఇస్తడు. ఒకామె పువ్వులు అల్లుతది, ఇంకొకామె వాటిని కలిపి అతుకుపని చేస్తది. పూర్తయిన సరుకు ఎక్కడికి పోతున్నదో, ఎంతకు అమ్ముడుపోతున్నదో అల్లిన చేతికి తెలియదు. ఎగుమతిదారులు మాత్రం మేడలు కట్టిన్రు.

ఇంత తక్కువ ఎందుకు? పని తేలికనా? కాదు. "ఆడోళ్ళు ఇంట్ల ఊకెనే కూసుండి ఖాళీ టైములో చేస్తరు" అన్న ఒక్క మాట వల్ల. వ్యాపారి అదే అన్నడు, ఇంటాయన అదే అన్నడు, చివరికి ఆమె కూడా అదే అన్నది. పనికి సరదా అని పేరు పెడితే కూలి అడిగే నోరు లేకుండా పోతది.

ఆ నోరు తెరిచిన వాళ్ళూ ఉన్నరు. 1972లో అహ్మదాబాద్‌లో ఇలా భట్ నాయకత్వంలో సేవా సంఘం యూనియన్‌గా రిజిస్టర్ అయింది. "మీకు యజమానే లేడు, యూనియన్ ఎట్ల?" అని అధికారులు ముందు ఒప్పుకోలేదు. కష్టం చేసేటోళ్ళు ఒక్కటి కావడానికే యూనియన్ అని ఆడవాళ్ళు వాదించి గెలిచారు. ఇంట్లో కూర్చుని బట్టలు కుట్టేటోళ్ళు, బీడీలు చుట్టేటోళ్ళు మేమూ కార్మికులమే అని నిలబడ్డరు. 1996లో అంతర్జాతీయ కార్మిక సంస్థ కూడా ఇంటి దగ్గర పని చేసేటోళ్ళ కోసం ఒక ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇంకా ఆమోదించలేదు.

2024లో నరసాపురం లేసుకు జీఐ గుర్తింపు వచ్చింది. అదే ఏడాది మన హైదరాబాద్ లక్క గాజులకూ వచ్చింది. సంతోషమే. కానీ ఆ గుర్తింపు సరుకు పేరును కాపాడతది. అల్లిన చేతి కూలిని మనమే కాపాడుకోవాలె.

అందుకే ఒక లెక్క వేద్దాం. జాకెట్ మీద మగ్గం పనికి 600 రూపాయలు వచ్చినయి అనుకుందాం. దారం, పూసలకు మన జేబులోంచి 150 పోయినయి. మిగిలింది 450. మూడు రోజులు, రోజుకు ఐదు గంటలు కూర్చున్నం, అంటే 15 గంటలు. గంటకు 30 రూపాయలు. కరెంటు, కండ్ల నొప్పి ఇందులో కలపనే లేదు. ఈ లెక్క ఒక్కతే వేసుకుంటే బాధైతది. సంఘంలో పది మంది కలిసి వేస్తే "ఇంతకు తక్కువ చెయ్యం" అనే రేటు అయితది. పొదుపు పుస్తకంలో కిస్తీలు రాసుకున్నట్టే పని గంటలూ రాసుకుందాం.

మరి చేతిలో ఉన్న ప్రతి కళనూ అమ్మాల్నా? అక్కర్లేదు. బతుకమ్మ పేర్చినప్పుడు కూలి అడగం. బిడ్డ కోసం అల్లిన టోపీకి రేటు కట్టం. అది మన సంతోషం, దాన్ని దాచుకునే హక్కు మనకున్నది. కానీ అమ్మాలని తీర్మానం చేసుకున్న రోజు నుంచి అది పని. దాన్ని పని అనే పిలవాలె.

వచ్చే మీటింగులో ఎవరైనా "నాదేముంది, టైంపాస్" అంటే, పక్కామె అడగాలె: "ఎన్ని గంటలు పట్టింది చెల్లే?"