కౌన్సెలింగ్ ప్రాక్టికమ్

కౌన్సెలింగ్ ప్రాక్టికమ్ అంటే కౌన్సెలింగ్‌లో పీజీ చేసే విద్యార్థి, విశ్వవిద్యాలయ కౌన్సెలింగ్ కేంద్రం వంటి చోట, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో, సహాయం కోరి వచ్చినవారితో తొలిసారి నేరుగా పనిచేసే శిక్షణ దశ. అమెరికాలో కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే, 1981లో ఏర్పడిన కాక్రెప్ సంస్థ ప్రమాణాల ప్రకారం దీనికి కనీసం 100 గంటలు కావాలి. అందులో కనీసం 40 గంటలు నేరుగా అందించే సేవ. తర్వాతిది 600 గంటల ఇంటర్న్‌షిప్. శిక్షణలో అసలు పని సెషన్ ముగిశాకే మొదలవుతుంది. అనుమతితో చేసిన రికార్డింగును పర్యవేక్షకుడు విద్యార్థితో కలిసి వింటూ, తొందరపడి సలహా ఇచ్చిన చోట, మౌనాన్ని భరించలేక ప్రశ్న వేసిన చోట ఆపి చర్చిస్తాడు. పుస్తకంతో ఈ దిద్దుబాటు సాధ్యం కాదు.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతున్న విద్యార్థిని మృతి కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న, 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కనీసం ఒక అర్హుడైన కౌన్సెలర్, సైకాలజిస్టు లేదా సోషల్ వర్కర్ ఉండాలని నిర్దేశించింది. ధవళేశ్వరం చుట్టుపక్కల కళాశాలలకూ ఇది వర్తిస్తుంది. నియామకాలు పెరగాలంటే శిక్షణ పొందినవారు ముందే సిద్ధంగా ఉండాలి. ధవళేశ్వరం ప్రాంతంలోనే 2006లో ఏర్పడిన ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం వంటి ప్రాంతీయ సంస్థలకు ప్రాక్టికమ్ ప్రాధాన్యం ఇక్కడే ఉంది. బాధలో ఉన్నవారిని విద్యార్థికి అప్పగించడం తగదనే అభ్యంతరం సబబైనదే. అందుకే కౌన్సెలింగ్ చేసేది శిక్షణార్థి అని ముందే చెప్పి సమ్మతి తీసుకుంటారు. ఆత్మహత్య ఆలోచన బయటపడితే కేసు వెంటనే పర్యవేక్షకుడి చేతికి వెళ్తుంది. ఈ కట్టుబాట్లు లేని చోట ఆ అభ్యంతరం నిలుస్తుంది.